ఓడలో బట్టలు ఉతికే మనిషి

నలభై రెండేళ్ళు వచ్చినా ఆమెను అందరూ చిట్టి అనే పిలిచేవారు. ఇంట్లో పెట్టిన ముద్దుపేరు పనిచేసే చోటికి ఎలా పాకిందో ఆమెకే తెలియదు. పెద్దాసుపత్రి కింది అంతస్తులో, కిటికీ అన్నదే లేని లాండ్రీ గదిలో, పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఉద్యోగం. పై అంతస్తుల నుంచి మూటలు దిగుతాయి. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గది గౌన్లు. వాటిని విప్పి వేరుచేయడం చిట్టి పని. రక్తం అంటినవాటిని విడిగా తీసి ముందు చన్నీళ్ళలో నానబెట్టాలి. వేడినీళ్ళు తగిలాయా, ఆ మరక గుడ్డను కరుచుకుపోతుంది, ఇక ఆ దేవుడు దిగివచ్చినా వదలదు. పద్దెనిమిదేళ్ళలో చిట్టికి మరకలు చదవడం వచ్చేసింది. సూది గుచ్చిన చోట కారిందా, పుండు చీము కారిందా, దెబ్బ తగిలి చిమ్మిందా అన్నది గుడ్డ చూసి చెప్పేది. ఈ చదువు ఎందుకు పనికొస్తుందిలే అనుకునేది పాపం.

పెళ్ళి మొదట్లో కుదరలేదు, తరవాత ఆమే కుదరనివ్వలేదు. ఒక్క గది, ఒక్క మంచం, ఒక్కతే మనిషి. ఆ గదిలో ఆమెకున్న లోకమల్లా ఓడ సీరియల్. టీవీలో పదకొండేళ్ళు నడిచి నాలుగేళ్ళ కిందట ముగిసింది. పెద్ద ఓడ, నీతి తప్పని కెప్టెను, ఎవరితోనూ పడని డాక్టరమ్మ, రేవుకొక కథ. సీరియల్ ముగిసినా అభిమానులు దాన్ని ముగియనివ్వలేదు. ఒక వెబ్‌సైటు పెట్టుకుని, అదే ఓడ మీద సొంత కథలు రాసుకుంటున్నారు. అక్కడి పట్టింపులు చూస్తే ముక్కున వేలేసుకోవాల్సిందే. కెప్టెను టీలో చక్కెర వేసుకున్నాడని ఎవరైనా రాస్తే చాలు, ఫలానా భాగంలో వద్దన్నాడుగా అని యాభైమంది మీద పడతారు. సీరియల్లో లేని పాత్రను కొత్తగా తేవాలంటే ముందు ఒక ఫారం నింపాలి. ఆ మనిషికి ఓడలో ఏం పని, ఏ గదిలో పడుకుంటుంది, దేనికి భయపడుతుంది, అన్నీ రాయాలి. సైటు నడిపే ఇద్దరు పెద్దలు చదివి సరేనంటేనే ఆ పాత్రకు పుట్టుక. పైగా ఒక కథకు ఒక్క సొంత పాత్రే. రెండోదాన్ని తెస్తే కథ తీసి అవతల పారేస్తారు.

ఈ పిచ్చిలో చిట్టికి తోడు వాళ్ళ అక్క. ఆరేళ్ళు పెద్దది. అమ్మ పోయాక చిట్టికి జడ వేసింది, జ్వరం వస్తే తల ఒళ్ళో పెట్టుకున్నది ఆవిడే. సీరియల్ నడిచినన్నాళ్ళూ ఇద్దరూ ఎవరింట్లో వాళ్ళు చూసి, మర్నాడు మధ్యాహ్నం ఫోనులో గంటసేపు డాక్టరమ్మను తిట్టుకునేవారు. బావ లిఫ్టు మెకానిక్కు. పనిమంతుడు. వాళ్ళ బిల్డింగులో ఎవరి ఫ్యాను ఆగినా, ఎవరి మోటారు మొరాయించినా పిలిస్తే పలుకుతాడు, పైసా పుచ్చుకోడు. "దేవుడులాంటి మొగుడు దొరికాడమ్మా నీకు" అని ఇరుగుపొరుగు అంటుంటే అక్క నవ్వి ఊరుకునేది. అక్క ఎండల్లో కూడా మణికట్ల దాకా చేతులున్న బట్టలే వేసుకునేది. ఎడమచేతి చిటికెనవేలు వంకరగా అతుక్కుంది. తలుపులో పడిందంది.

రెండేళ్ళ కిందట అక్కావాళ్ళ వాషింగ్ మెషిన్ చెడిపోయింది. ఊరందరి యంత్రాలూ బాగుచేసే బావకు సొంత మెషిన్ చూసే తీరిక లేకపోయింది. "నీ దగ్గర ఉతికించవే" అని అక్క ఒక సంచీడు బట్టలు చిట్టి చేతికిచ్చింది. అందులో ఒక దిండు గలీబు. వేడినీళ్ళలో ఉతికి, మరక కరుచుకుపోయి, మళ్ళీ దాని మీద కొత్త మరక. చిట్టి దాన్ని దీపం కింద పెట్టి చాలాసేపు చూసింది. ముక్కులోంచి ఊరికే కారిన రక్తం అలా పడదు.

"అక్కా, గలీబు మీద ఏంటది?" అని ఫోనులో అడిగింది.

"ఒంట్లో వేడి చేసిందే. ముక్కు అదిరింది" అని, అదే ఊపిరిలో, "అది సరే గానీ, డాక్టరమ్మ ఆ రేవులో దిగిపోయి ఉంటే బాగుండేది కదూ?" అంది అక్క.

చిట్టి కూడా ఓడ మాటల్లోకి దిగిపోయింది. అక్కడే తప్పు జరిగిందని ఈ కథ చెబుతున్నవాళ్ళు అనడం తేలిక. చిట్టికి బావంటే భయం. అడిగితే అక్క కాదంటుంది, కాదన్నాక ఫోను కూడా మానేస్తుందేమోనని ఇంకో భయం. ఉన్న ఒక్క మనిషీ దూరమైతే తట్టుకోలేనని ఆమెకు తెలుసు. ఎదురుగా అడగలేని మాట ఎలా అడగాలా అని నెల రోజులు నలిగి, చివరికి ఆమెకు తెలిసిన ఒకే దారి పట్టింది.

పదకొండేళ్ళ సీరియల్లో కెప్టెను ఒక్కరోజు కూడా మాసిన బట్ట కట్టలేదు. తెల్లని యూనిఫారం, కత్తిలాంటి మడత. ఓడనిండా మనుషుల్ని చూపించారు గానీ ఆ బట్టలు ఉతికే మనిషిని మాత్రం ఎవరూ ఎప్పుడూ చూపించలేదు. ఇంతమంది అభిమానుల్లో ఆ సంగతి పట్టింది చిట్టికే. ఉతికేవాళ్ళకే కదా తెలిసేది. ఫారం తీసి నింపింది. పని, ఓడ లాండ్రీ. గది, మూడో డెక్కు అడుగున, ఇంజను పక్కన. భర్త, సీరియల్లో అప్పుడప్పుడు కనిపించే ఇంజను గది మెకానిక్కు, ఓడంతటికీ ఇష్టుడు. దేనికి భయపడుతుంది అన్నచోట, "తాళంచెవి తిరిగే చప్పుడుకి" అని రాసింది. పెద్దలిద్దరూ ఒక్కరోజులో సరేనన్నారు. ఇంత ప్రాణమున్న పాత్ర ఈమధ్య రాలేదని మెచ్చుకున్నారు కూడా.

ఆమె ఎత్తు ఒకటే. ఓడలో ఆ ఉతికే మనిషి మొగుణ్ణి వదిలి ఏదో ఒక రేవులో దిగిపోవాలి. దిగి బతకాలి. అది అక్క చదవాలి, చదివి తనూ దిగాలి. అక్క ఫోనులో ఆ వెబ్‌సైటు పెట్టిచ్చింది చిట్టే, అందులో అక్కకు 'కిటికీ సీటు' అని మారుపేరు పెట్టిందీ తనే. రాస్తున్నది తనని మాత్రం చెప్పలేదు.

అక్క చదివింది. చదవడమే కాదు, ప్రతి భాగం కిందా రాసింది. చెల్లెలితో ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాటలు, ఎవరో ముక్కూమొహం తెలియని రచయిత్రికి రాసింది. "ఆమె అరవదు అని రాశారు, నిజం. అరిస్తే పక్కగది వాళ్ళకి వినిపిస్తుందని సిగ్గు." "మర్నాడు ఆయన చాలా బాగుంటాడు, పండు కోసి నోట్లో పెడతాడు, అది రాయడం మరిచిపోయారు." చిట్టి అవి చదివి ఏడ్చేది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఆ పండు సంగతి తరవాతి భాగంలో రాసేది. మనిషి బాధ మనిషిది, కథకు మాత్రం బలం పట్టింది. చదివేవాళ్ళు వందలకు చేరారు. చిట్టి జన్మలో వినని పొగడ్తలు విన్నది. ఆ పొగడ్త ఆమెకు తీపిగా తగిలిందన్న సంగతి దాచి లాభం లేదు.

పదమూడో భాగం కింద అక్క ఇలా రాసింది. "ఆమెను ఊరికే దిగమంటే దిగదండీ. ఎక్కడికని వెళ్తుంది? ఒక చెల్లెల్ని పెట్టండి. చెల్లెలు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే వెళ్తుంది. తనంతట తను ఆ మెట్లు దిగలేదు."

అది చదవగానే చిట్టి లేచింది. చెప్పులు కూడా వేసుకుంది. గది తలుపు దాకా వెళ్ళి, అక్కింటి తలుపు బావ తీస్తే ఏం మాట్లాడాలో తోచక అక్కడే నిలబడిపోయింది. తరవాత వెనక్కి వచ్చి కూచుని, "క్షమించండి, ఒక కథకు ఒక్క సొంత పాత్రే అని ఇక్కడి నియమం, చెల్లెల్ని పెట్టడం కుదరదు" అని జవాబు రాసింది. ఆ జవాబుకు అక్క, "అయ్యో, సరేనండీ" అని మర్యాదగా తిరుగు జవాబిచ్చింది.

పదిహేడో భాగంలో ఓడ రేవుకు చేరింది. మర్నాడు మెట్లు దించుతారనగా చిట్టి భాగం ముగించింది.

ఆ ఆదివారం పొద్దున్నే బావ ఫోను చేశాడు. "ఏం మరదలా, బొత్తిగా నల్లపూసవైపోయావు. మధ్యాహ్నం భోజనానికి రా. మీ అక్క కూడా కలవరిస్తోంది." గొంతు తేనెలో ముంచినట్టుంది. ఇన్నేళ్ళలో బావ తనంతట తను పిలిచింది లేదు.

అక్కావాళ్ళది మూడో అంతస్తు. ముందు గది, వంటగది, వాటి వెనక బట్టలారేసే బాల్కనీ. అక్క తలుపు తీసింది. కింది పెదవి ఒకపక్క ఉబ్బి ఉంది. "పళ్ళు తోముకుంటుంటే తగిలింది" అంది, అడగకుండానే. భోజనాలయ్యేదాకా బావ లోకాభిరామాయణం మాట్లాడాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, అక్క ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ అక్క కథలు రాస్తోందేమో అనుకున్నా మరదలా. వేలు వంకర, గదిలో పండు కోయడం, అన్నీ మా ఇంటివే. నువ్వేనా నువ్వేనా అని అడిగాను, కాదంది. పాపం నిజంగానే కాదు." వేలితో తెర మీద ఒక చోట చూపించాడు. "రక్తాన్ని చన్నీళ్ళలో నానబెట్టాలని ఉంది ఇక్కడ. మీ అక్కకి ఆ ముక్క తెలియదు, అన్నీ వేడినీళ్ళలో పడేస్తుంది. అప్పుడు అర్థమైంది, ఇది ఎవరి పనో."

అక్క చెల్లెలి వైపు తిరిగింది. చిట్టి తల దించుకుంది. అక్క టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"బాగా రాశావు. నాకు కోపమేం లేదు" అన్నాడు బావ. "కానీ మొదలుపెట్టినదాన్ని ముగించాలి కదా. నీ ఫోను తియ్యి. చివరి భాగం నేను చెప్తాను, నువ్వు రాయి. ఇక్కడే పెట్టేసి వెళ్దువుగాని."

"బావా, ఆ కథ తీసేస్తాను..."

"వద్దొద్దు. వందలమంది చదువుతున్నారటగా. రాయి. పొద్దున్నే ఓడ రేవులో ఆగింది. ఆవిడ తడిబట్టలు ఆరేయడానికి వెనక్కి వెళ్ళింది."

చిట్టి రాసింది. అక్షరాలు తప్పుతుంటే చెరిపి మళ్ళీ రాసింది. వంటగదిలో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

"అక్కడ అంచున అడ్డంగా ఇనప కమ్మీ ఉంటుంది. దానికి ఎడమవైపు కింది బోల్టు వదులైంది. పైకి కనపడదు. చెయ్యేసి చూస్తే గట్టిగానే ఉంటుంది. ఒళ్ళంతా ఆనించి వంగితేనే ఊడుతుంది. రాశావా? దుప్పటి ఆరేసేటప్పుడు వంగాలి కదా మరి. వంగింది, పడింది."

"ఎవరైనా వచ్చి..."

"ఎవరూ చూడలేదని రాయి. మొగుడు డ్యూటీలో ఉన్నాడు. తరవాత చాలా ఏడ్చాడు పాపం. ఓడలో అందరూ ఆయన్ని ఓదార్చారు. అది బాగా రాయి, మనసుకి పట్టేలా."

చిట్టి ఇదంతా తన మీది కసితో అంటున్నాడనే అనుకుంది. మాటలతో చంపుతున్నాడు, చంపనీ, అక్క జోలికి పోకుంటే అంతే చాలని పంటి బిగువున రాస్తూ పోయింది. అక్క మటుకు టీ గ్లాసులు వంటగది గట్టు మీద వదిలేసి బాల్కనీలోకి నడిచింది. కమ్మీకి ఆనకుండా మోకాళ్ళ మీద కూచుని, ఎడమవైపు కింద చేత్తో తడిమింది.

"ఏవండీ" అంది అక్కణ్ణుంచే. "ఈ బోల్టు ఎప్పుడు వదులైంది?"

"ఏ బోల్టు?"

"ఎడమవైపుది. కిందిది."

బావ కుర్చీలోంచే బాల్కనీ వైపు తిరిగాడు. "పాత బిల్డింగు. నిన్నో మొన్నో చూశాను. రేపు బిగిస్తాలే."

"నేను రోజూ ఇక్కడే కదండీ వంగేది."

చిట్టికి అప్పుడు అర్థమైంది. ఆ బోల్టు తుప్పుపట్టి వదులైందో, పనిమంతుడి చెయ్యి పడి వదులైందో ఆమెకు ఈరోజుకీ తెలియదు. వదులైందని తెలిసి కూడా నోరు మెదపకుండా, భార్య రోజూ తడిదుప్పట్లతో అక్కడ వంగుతుంటే చూస్తూ ఊరుకున్నవాడు మాత్రం ఎదురుగా కూచుని ఉన్నాడు. ఇంకేం తెలియాలి?

అక్క లేచి వచ్చింది. మొగుడి పక్కనుంచే నడిచి, వీధి తలుపు బార్లా తీసి, ఎదురింటి తలుపు తట్టింది. పెళ్ళయి ఇరవయ్యేళ్ళలో ఆవిడ ఒకరి తలుపు తట్టడం అదే మొదలు. ఎదురింట్లో రిటైరైన మాస్టారు. కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చాడు.

"మాస్టారూ, ఒక్కసారి మా బాల్కనీలోకి వచ్చి చూడండి. కమ్మీ ఊడిపోయేలా ఉంది."

మాస్టారు వచ్చి, వంగి, కమ్మీని అటూఇటూ కదిపాడు. "అరెరే! ఇదేంటయ్యా? ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తావు, సొంతింట్లో ఇది చూసుకోవద్దూ? అమ్మాయి దీన్ని ఆనుకుంటే మూడంతస్తులు!"

"రేపే బిగిస్తాను మాస్టారూ" అని బావ నవ్వాడు. నలుగురిలో నవ్వకుండా ఉండలేని మనిషి. ఆ మంచిపేరే ఆరోజు ఆయన కాళ్ళకు అడ్డం పడింది.

"రేపటిదాకా ఎందుకండీ, నేను చెల్లెలింటికి వెళ్తున్నాను" అంది అక్క మాస్టారితో. "మీరు చూశారు కదా. ఎవరైనా అడిగితే చూశానని చెప్పండి. నా పెదవి కూడా చూడండి. ఇది పళ్ళు తోముకుంటే తగిలింది కాదు."

మాస్టారు చూశాడు. చూసి బావ వైపు తిరిగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, కానీ గుమ్మంలోంచి మాత్రం కదల్లేదు. బావ ఇంకా నవ్వుతూనే, "వెళ్ళనీ పాపం, అక్కాచెల్లెళ్ళు నాలుగు రోజులు సరదాగా ఉంటారు" అన్నాడు. బల్ల మీద ఆయన చెయ్యి మాత్రం అక్క ఫోను మీదే ఉంది. అక్క దాన్ని అడగలేదు. కట్టుబట్టలతో, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో మెట్లు దిగింది. చిట్టి వెనకే దిగింది.

బస్టాపులో ఇద్దరే ఉన్నారు. ఎండ మండిపోతోంది. అక్క రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. చిట్టి ఆ చేతుల్ని అందుకోబోయింది. అక్క వెనక్కి తీసుకుంది.

"అక్కా, తప్పయిపోయింది. నావల్లే నిన్ను మళ్ళీ కొట్టాడు."

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

చిట్టి అబద్ధమాడదామనే అనుకుంది, నోటిదాకా వచ్చింది కూడా. "గలీబు చూసినప్పటి నుంచి" అంది చివరికి.

అక్క తల ఊపింది. రెండేళ్ళు లెక్కపెట్టుకుంటున్నదానిలా రోడ్డు వైపు చూసింది. కోపం లేదు ఆవిడ మొహంలో. కోపముంటే చిట్టి ఎలాగో భరించేది.

"నీ కథ చదివినప్పుడల్లా ఏమనుకునేదాన్నో తెలుసా చిట్టీ? ఎవరో మహాతల్లి, ఏ దేశంలో ఉందో, నా బాధ కళ్ళారా చూసినట్టు రాస్తోంది. ఆవిడే గనక ఈ ఊళ్ళో ఉంటే, ఈపాటికి పరిగెత్తుకుని నా దగ్గరికి వచ్చేసేది అనుకునేదాన్నే."

బస్సు వచ్చి ఆగింది. అక్కడి నుంచి చిట్టి ఇల్లు నాలుగు స్టాపులు.